షో-బడ్ ప్రో-1 బాగుచేత: పాట్ మెటల్ ముక్కలు తీసి కొత్తవి వేసేటప్పుడు ఏం మార్చాలి, ఏం ముట్టుకోకూడదు

పదోతీగ:
1970ల మధ్యకాలం నాటి షో-బడ్ ప్రో-1 పెడల్ స్టీల్ గిటార్ (పెడల్స్, మోకాలి లివర్లతో తీగల శ్రుతి మార్చే గిటార్). ఒకటే మెడ, పది తీగలు, ఈ9 (E9) శ్రుతి, మూడు పెడల్స్ (ఏ, బి, సి), రెండు మోకాలి లివర్లు. గిటార్ ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంది. పరిస్థితి ఇదీ:

ఎడమ మోకాలి లివర్ బ్రాకెట్ చీలింది. ఎవరో అరల్డైట్ పెట్టి అతికించారు, లివర్ నొక్కితే చీలిక నోరు తెరుస్తోంది. మూడో తీగ (జీ షార్ప్, 0.011 అంగుళం) ఎప్పుడు తెగినా ఛేంజర్ (పెడల్, లివర్ నొక్కినప్పుడు తీగ శ్రుతి మార్చే యంత్రాంగం) మీదే తెగుతోంది. నాలుగో తీగని లివర్‌తో దించి వదిలితే మళ్లీ ఈ (E) స్వరానికి పూర్తిగా రాదు, నాలుగైదు సెంట్లు (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) కిందే ఆగుతుంది. ఇవి కాక ఇంకో రెండు లివర్లు పెట్టాలి.

ఛేంజర్‌లో ఒక్కో తీగకి రెండు రెయిజ్ (శ్రుతి పెంచే రాడ్ల చోట్లు), ఒక లోయర్ (దించే రాడ్ చోటు) ఉన్నాయి. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి మూడు రెయిజ్, రెండు లోయర్ ఉన్న కొత్త ఛేంజర్ కూడా వేసేస్తే మంచిదా? దేనితో మొదలుపెట్టాలో చెప్పండి.

మేపుల్_మూర్తి:
పదోతీగ గారూ, ముందు ఛేంజర్ మాట పక్కన పెట్టండి. మీరు రాసినవాటిలో కొత్త ఛేంజర్ ఉంటేనే తీరే ఇబ్బంది ఒక్కటీ లేదు. వరసగా చెప్తాను.

బ్రాకెట్. పాట్ మెటల్ అంటే అచ్చులో పోసిన జింక్ మిశ్రమం. అందులో సీసం లాంటి మలినం కాస్త ఎక్కువైనా, ఏళ్ల తరబడి లోహపు రేణువుల సందుల్లో తుప్పు పాకి లోపలి నుంచి పగులుతుంది. పైన పూత మాత్రం మెరుస్తూనే ఉంటుంది. వెల్డింగ్‌కి పనికిరాదు. 385 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది కాబట్టి ఆర్క్ తగలగానే ముక్క జారిపోతుంది. ఎపాక్సీ అతుకు కదలని చోట నిలుస్తుంది గానీ, మోకాలితో వేలసార్లు తోసే చోట నిలవదు. కాబట్టి ఇది కొత్తది వేయాల్సిందే, 6061-టీ6 అల్యూమినియం దిమ్మ నుంచి మిల్లింగ్ చేసింది అయితే మేలు.

ఒకటి చీలిందంటే మిగతా పోత ముక్కలది కూడా అదే వయసు. రెండో లివర్ బ్రాకెట్, షాఫ్ట్ మీద ఉండే పుల్లర్లు (రాడ్లని లాగే ముక్కలు), పెడల్ రాడ్ తగిలించే చేతులు అన్నీ చూడండి. చౌక స్కెచ్ పెన్నుతో ముక్క మీద రుద్ది, గుడ్డకి కాస్త స్పిరిట్ అద్ది తుడవండి. పగులు ఉంటే గీతలో సిరా నిలిచిపోతుంది. గ్రబ్ స్క్రూ (తల లేని బిగింపు స్క్రూ) రంధ్రాల చుట్టూ, లోపలి మూలల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

మూడో తీగ. 24 అంగుళాల స్కేలు మీద జీ షార్ప్‌ని బి పెడల్‌తో ఏ (A) స్వరానికి లాగినప్పుడు ఆ తీగలో ఒత్తిడి సుమారు 2,260 మెగాపాస్కల్స్. అంత సన్నటి మ్యూజిక్ వైర్ తెగే హద్దు 2,700 ప్రాంతం. అంటే మామూలుగా వాయిస్తున్నప్పుడే అది హద్దుకి ఎనభై శాతం పైన ఉంది. లావు తీగ వేసినా ఈ లెక్క మారదు, ఎందుకంటే ఒత్తిడి తేలేది స్కేలు పొడవు, శ్రుతి, ఉక్కు సాంద్రతల వల్లే. ఇంత అంచున ఉన్న తీగకి ఫింగర్ (ఛేంజర్‌లో ఒక్కో తీగ ఆనే కదిలే ముక్క) తల మీద చిన్న గాడి చాలు, అక్కడ వంగి వంగి తెగుతుంది. తీగ తీసి ఫింగర్ తల మీద గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుందంటే కారణం అదే.

దానికి కొత్త ఫింగర్ అక్కర్లేదు, నునుపు చేస్తే సరిపోతుంది. పక్క ఫింగర్లకి మాస్కింగ్ టేప్ వేయండి. 600, 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో తీగ పోయే దిశలోనే రుద్దండి, అడ్డంగా వద్దు. చివర మెటల్ పాలిష్. తల గుండ్రనం చదును కాకుండా చూసుకోవాలి. చదునైతే తీగ ఆనే చోటు మారి, ఆ ఒక్క తీగ స్కేలు తేడా వస్తుంది, బజ్ కూడా రావచ్చు.

నాలుగో తీగ. దీనికి నాలుగు కారణాలుంటాయి, ఈ వరసలోనే చూడండి. ఒకటి, నట్ రోలర్ (కీల వైపు కొసన తీగ ఆనే చిన్న చక్రం) బిగుసుకుని ఉండటం. లివర్ వదిలాక నట్‌కీ శ్రుతి కీకీ మధ్య ఉన్న తీగని వేలితో నొక్కి వదలండి, శ్రుతి మారితే దోషం రోలర్‌దే. రెండు, ఛేంజర్‌లో గట్టిపడిన పాత నూనె. మూడు, లోయర్ రాడ్‌కి సందు లేకపోవడం. లివర్ వదిలేసి ఉన్నప్పుడు నైలాన్ ట్యూనర్‌కి (రాడ్ కొసన తిప్పి శ్రుతి సరిచేసే ముక్కకి) 0.8 మిల్లీమీటర్ల సందు ఉండాలి, లేకపోతే రాడ్డే ఫింగర్‌ని వెనక్కి పోనివ్వదు. నాలుగు, లోయర్ రిటర్న్ స్ప్రింగ్ సడలడం. సి పెడల్ నొక్కుతూ నాలుగో తీగ లోయర్ చేతిని గమనించండి. రెయిజ్ చేస్తుంటే లోయర్ చేయి కూడా కదిలిందా, స్ప్రింగ్ దాన్ని దాని ఆనుడు మీద పట్టి ఉంచలేకపోతోందన్నమాట. అప్పుడు ఒక్క స్ప్రింగే మార్చండి. మరీ గట్టిది వేస్తే లివర్ రాయిలా అవుతుంది.

కడగడానికి పెట్రోల్ కంటే లైటర్ ఫ్లూయిడ్ మంచిది. గిటార్‌ని నిలబెట్టి, కింద గుడ్డ పరిచి, మేపుల్ చెక్కకి తగలకుండా బ్రష్‌తో పోసి, పెడల్స్ అన్నీ ఇరవై ముప్పై సార్లు ఆడించండి. ఆరాక ఒక్కో ఫింగర్‌కి ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె. తుప్పు వదిలించే స్ప్రేలు మాత్రం వద్దు, రెండేళ్లకి అవే జిగురుగా మారతాయి.

బార్‌స్లైడ్_డల్లాస్:
మూర్తి గారితో బాగుచేత వరకు ఏకీభవిస్తాను. కానీ కొత్త ఛేంజర్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయొద్దు. కొత్తగా మిల్లింగ్ చేసిన ఛేంజర్‌లో ఫింగర్ బోర్‌కీ (రంధ్రానికీ) యాక్సిల్‌కీ (ఫింగర్లు తిరిగే ఇరుసుకీ) మధ్య సందు 0.025 నుంచి 0.04 మిల్లీమీటర్లే ఉంటుంది. యాభై ఏళ్లు తిరిగిన పాతవాటిలో బోర్ కోడిగుడ్డులా సాగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు ఎంత కడిగినా తీగ ప్రతిసారీ ఒకే చోటికి రాదు. పైగా స్ప్లిట్ శ్రుతులు కావాలంటే రెండు రెయిజ్, ఒక లోయర్ చాలవు.

మేపుల్_మూర్తి:
బోర్ సాగి ఉంటే మీ మాట నిజమే. దాన్ని ఊహించనక్కర్లేదు, కొలవొచ్చు. తీగ బిగించి ఉండగానే డయల్ గేజ్ ముల్లుని ఫింగర్ కింది కొసకి ఆనించి, అదే పెడల్‌ని పదిసార్లు నొక్కి వదలండి. ముల్లు ప్రతిసారీ 0.02 లోపల అదే అంకెకి వస్తే ఛేంజర్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఇక రాడ్ల లెక్క. కొత్త ఛేంజర్ కొనే ముందు కాగితం మీద రాసుకోవాల్సింది ఇదే, చాలామంది రాయరు. మూడు పెడల్స్, నాలుగు లివర్ల మామూలు ఈ9 తీసుకోండి:

ఏ (A) పెడల్: 5, 10 తీగలు బి నుంచి సి షార్ప్‌కి.
బి పెడల్: 3, 6 తీగలు జీ షార్ప్ నుంచి ఏకి.
సి పెడల్: 4 ఈ నుంచి ఎఫ్ షార్ప్‌కి, 5 బి నుంచి సి షార్ప్‌కి.
ఎడమ మోకాలు ఎడమకి: 4, 8 ఈ నుంచి ఎఫ్‌కి.
ఎడమ మోకాలు కుడికి: 4, 8 ఈ నుంచి ఈ ఫ్లాట్‌కి.
కుడి మోకాలు ఎడమకి: 1, 7 ఎఫ్ షార్ప్ నుంచి జీకి.
కుడి మోకాలు కుడికి: 2 డి షార్ప్ నుంచి డికి, ఇంకా నొక్కితే సి షార్ప్‌కి, 9 డి నుంచి సి షార్ప్‌కి.

మొత్తం 14 రాడ్లు: పది రెయిజ్, నాలుగు లోయర్. ఎక్కువ భారం నాలుగో తీగది, దానికీ రెండు రెయిజ్, ఒక లోయరే. ఐదో తీగకి రెండు రెయిజ్. అంటే మీరు అడిగిన నాలుగు లివర్లూ మీ పాత ఛేంజర్‌లోనే పడతాయి. కొనాల్సింది రెండు లివర్లు, వాటి బ్రాకెట్లు, రెండు క్రాస్ షాఫ్టులు, కొత్త మార్పులకి సరిపడా పుల్లర్లు, 3/32 అంగుళాల స్టెయిన్‌లెస్ రాడ్లు, నైలాన్ ట్యూనర్లు. రాడ్లు, ట్యూనర్లు రెండేసి అదనంగా తెచ్చుకోండి. వంగిన రాడ్‌ని ఎంత సరిచేసినా పక్కదాన్ని రాసుకుంటూనే ఉంటుంది.

శ్రుతిపేటిక:
బార్‌స్లైడ్ గారు స్ప్లిట్ అన్నారు కాబట్టి ఆ ముడి విప్పి చెప్తాను. రంధ్రాల సంఖ్య నిజంగా అవసరమయ్యేది అక్కడే.

ఆరో తీగని బి పెడల్ ఏకి ఎక్కిస్తుంది. ఒక లివర్ అదే తీగని ఎఫ్ షార్ప్‌కి దించుతుంది అనుకోండి. రెండూ కలిపి నొక్కితే జీ పలకాలి. విడివిడిగా రెండూ సరిగ్గా పెట్టినా, కలిపి నొక్కితే జీ దానంతట అది సరిగ్గా పడదు. కాస్త కిందో పైనో ఉంటుంది.

జీ తక్కువగా పలికితే: పెంచే పెడల్‌కే ఒక చిన్న లోయర్ రాడ్ కలపాలి. పెడల్ కొంచెం దించుతుంది కాబట్టి దాని రెయిజ్‌ని ఆ మేరకు పైకి తిప్పి ఏని సరిచేస్తారు. లివర్ కూడా నొక్కినప్పుడు ఈ చిన్న లోయర్ పెద్ద లోయర్‌లో కలిసిపోతుంది, పెంచిన రెయిజ్ మాత్రం మిగులుతుంది. జీ పైకి వస్తుంది. దీనికి రెండో లోయర్ రంధ్రం కావాలి.

జీ ఎక్కువగా పలికితే: దించే లివర్‌కి చిన్న రెయిజ్ రాడ్ కలపాలి, లోయర్‌ని ఆ మేరకు ఇంకా కిందికి తిప్పాలి. కలిపి నొక్కినప్పుడు చిన్న రెయిజ్ పెద్ద రెయిజ్‌లో కలిసిపోతుంది, లోయర్ లోతు మిగులుతుంది. ఇక్కడ కావాల్సింది ఇంకో రెయిజ్ రంధ్రం. ఆరో తీగకి ఒకటే రెయిజ్ వాడుతున్నాం కాబట్టి పాత ఛేంజర్‌లోనూ చోటు ఉంది. ఐదో తీగకి లేదు, ఏ, సి పెడల్స్ రెండూ తినేశాయి.

కాబట్టి ప్రశ్న ఇలా పెట్టుకోండి: ఐదో తీగని బి ఫ్లాట్‌కి దించే లివర్ పెట్టి, ఏ (A) పెడల్‌తో కలిపి శుద్ధంగా సి పలికించాలా? అవునంటే మూడు-రెండు ఛేంజర్ మీద పెట్టే డబ్బు న్యాయమే. వద్దంటే పాతదే ఉంచండి.

ఆరో తీగకి ఇంకో మాట. ప్లెయిన్ 0.020 బదులు చుట్టిన 0.022 వేస్తే, లోపలి కోర్ సన్నగా ఉంటుంది కాబట్టి అదే స్వరం దించడానికి ఫింగర్ ఎక్కువ దూరం కదలాలి. లివర్ ప్రయాణం చాలకపోవచ్చు. తీగ ఏదో తేల్చుకున్నాకే రాడ్ రంధ్రం ఎంచుకోండి.

పదోతీగ:
చాలా స్పష్టంగా ఉంది, అక్కా. బి ఫ్లాట్ స్ప్లిట్ ప్రస్తుతానికి అక్కర్లేదు. ఫింగర్ మీద గోరు తట్టుకుంది. సి పెడల్ నొక్కితే నాలుగో లోయర్ చేయి కదులుతోంది. పదిసార్ల పరీక్షలో ముల్లు 0.01 తేడాలోనే తిరుగుతోంది. ఛేంజర్ ఉంచేస్తున్నాను.

బ్రాకెట్లు, పుల్లర్లు బాలానగర్‌లో జాబ్ వర్క్‌గా తీయించొచ్చా? చీలిన ముక్కనే నమూనాగా ఇస్తే సరిపోతుందా?

లేత్_రాజు:
తీయించొచ్చు అన్నా, బాలానగర్‌లో ఇంతకంటే కష్టమైన పనులు రోజూ అవుతాయి. కానీ చీలిన ముక్కని చేతిలో పెట్టి "ఇలాంటిది చేయి" అనకు. మూడు కారణాలు.

మొదటిది, సాగిన రంధ్రాన్ని కొలిస్తే సాగిన కొలతే వస్తుంది. బోర్ కొలత షాఫ్ట్ నుంచి తీసుకోవాలి. షాఫ్ట్‌ని అరగని చోట మైక్రోమీటర్‌తో పట్టు. 6.35 మి.మీ. ఉందనుకో, బోర్ 6.37 నుంచి 6.39 లోపల అడుగు. డ్రిల్ ఒక్కటే వేస్తే రంధ్రం గుండ్రంగా రాదు, రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి తెచ్చే పనిముట్టు) వేయమని డ్రాయింగ్ మీదే రాయి. సరిగ్గా పావు అంగుళం రీమర్ వేస్తే షాఫ్ట్ దూరదు, 0.251 అంగుళాలది కావాలి, అంటే 6.375.

రెండోది, పోత ముక్క గోడలకి అచ్చులోంచి ఊడిరావడానికి ఒకటి రెండు డిగ్రీల వాలు ఉంటుంది. మిల్లింగ్ ముక్క గోడలు నిటారుగా వస్తాయి. పాతది మొదట్లో వెడల్పు, కొసలో సన్నం. వెడల్పు కొలత పట్టుకుని నిటారుగా తీస్తే కొస దగ్గర పక్క రాడ్‌కి తగులుతుంది. కొస వెడల్పు కూడా కొలిచి, అక్కడ చాంఫర్ (అంచుని వాలుగా కోయడం) అడుగు. లోపలి మూలల్లో కనీసం 1.5 రేడియస్ పెట్టమను. పాతది చీలింది పదునైన మూల దగ్గరే అయి ఉంటుంది, చూడు.

మూడోది మర. ఈ గిటార్లలో ఉండేవి అమెరికన్ మరలు: 6-32, 8-32, 10-32. ఇక్కడ అడగకుండా ఎం4 (మెట్రిక్ మర) ట్యాప్ వేసేస్తారు. 8-32 స్క్రూ బయటి కొలత 4.17, పిచ్ 0.794. ఎం4 అయితే 4.0, పిచ్ 0.7. రెండు చుట్లు ఎక్కి బిగుస్తుంది, బలం పెడితే అల్యూమినియం మర మొత్తం ఊడొస్తుంది. 8-32కి డ్రిల్ 3.45, 6-32కి 2.7, 10-32కి 4.04. ట్యాప్‌లు నువ్వే తెప్పించి ఇవ్వు. లేదా కొత్త ముక్క మొత్తం ఎం4లో తీయించు, గ్రబ్ స్క్రూలూ ఎం4వే కొను. తప్పేం లేదు, ఒకే ముక్కలో రెండు రకాలు కలపకుండా ఉంటే చాలు. 8-32 గ్రబ్‌కి 5/64 కీ, ఎం4కి 2 మి.మీ. కీ, రెండూ దాదాపు ఒకటే.

షాఫ్ట్ విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. గ్రబ్ స్క్రూ కొరికిన చోట షాఫ్ట్ మీద బర్ర్ (సన్నటి లోహపు అంచు) లేచి ఉంటుంది, కంటికి కనపడదు, వేలికి తగులుతుంది. దాన్ని సన్న ఆకురాయితో గీయకుండా పుల్లర్‌ని తోస్తే, పాత పుల్లర్ పగులుతుంది, కొత్తదైతే బోర్ చీరుకుపోతుంది. గ్రబ్ స్క్రూ తీసేసి, ఆ మచ్చ గీసి, ఒక చుక్క నూనె వేసి, తిప్పుతూ లాగు. సుత్తి వాడకు.

మేపుల్_మూర్తి:
రాజు గారు బోర్ గురించి చెప్పింది బంగారం. పుల్లర్‌లో రాడ్ తగిలే చోట ఇత్తడి బ్యారెల్ పెట్టించండి. స్టెయిన్‌లెస్ రాడ్ నేరుగా అల్యూమినియం రంధ్రంలో ఆడితే కొన్నేళ్లలో అది కూడా కోడిగుడ్డు అవుతుంది. బ్యారెల్ తిరగగలిగితే రాడ్ కూడా వంగకుండా ఉంటుంది.

వైజాగ్_స్టీల్:
సముద్రపు గాలి తగిలే ఊళ్లకి ఇంకో విషయం. షాఫ్ట్ చివర్ల నైలాన్ బుష్‌లు తేమ పీల్చి ఉబ్బుతాయి. వేసవిలో సరిగ్గా తిరిగిన షాఫ్ట్ ఆగస్టులో బిగుసుకుంటుంది, అందరూ స్ప్రింగ్‌ని అనుమానిస్తారు. కొత్తగా తీయించేటప్పుడు బుష్‌లు డెల్రిన్ అనే ప్లాస్టిక్‌తో చేయించండి, అది తేమకి దాదాపు ఉబ్బదు. చివర ట్యూనర్లు నైలాన్‌వే ఉండనివ్వండి, మరని పట్టుకునే బిగువు నైలాన్‌కే బాగుంటుంది.

అల్యూమినియం ముక్కలోకి స్టెయిన్‌లెస్ స్క్రూ వేసేటప్పుడు యాంటీ-సీజ్ పేస్ట్ పూయండి. ఉప్పు గాలిలో ఆ రెండు లోహాలు కలిసిన చోట తెల్ల పొడి పట్టి, ఐదేళ్లకి స్క్రూ తల విరుగుతుంది గానీ బయటికి రాదు.

బార్‌స్లైడ్_డల్లాస్:
ఛేంజర్ ఉంచేయడం సరే. భవిష్యత్తులో ఎవరైనా ఈ చర్చ చదివి మార్చాలనుకుంటే, యాక్సిల్ స్థానం గురించి కూడా రాసిపెడితే మంచిది. మన పాత గిటార్లకి కొత్త ఛేంజర్ వేసినప్పుడు ఎక్కువగా చెడేది అక్కడే.

మేపుల్_మూర్తి:
నిజమే. షో-బడ్ స్కేలు 24 అంగుళాలు, 609.6 మిల్లీమీటర్లు. 5వ ఫ్రెట్ గీత నట్ నుంచి 152.9 దగ్గర, 7వది 202.7, 12వది 304.8. కొత్త ఛేంజర్ యాక్సిల్ రెండంటే రెండు మిల్లీమీటర్లు వెనక్కి పోయిందనుకోండి. బార్‌ని (తీగల మీద జరిపే ఉక్కు కడ్డీని) 12వ గీత మీద పెడితే సుమారు 5.7 సెంట్లు తక్కువ పలుకుతుంది. 24వ గీత దగ్గర 17 సెంట్లు. చెవి సర్దుకుంటుందని కొందరంటారు గానీ, పై ఫ్రెట్లలో వేగంగా వెళ్లేటప్పుడు కన్ను గీతనే నమ్ముతుంది. యాక్సిల్ ఎక్కడుండాలో పాత ఛేంజర్ తీయకముందే నట్ రోలర్ మధ్య నుంచి కొలిచి రాసుకోవాలి.

తీగల మధ్య దూరం కూడా అంతే. ఒక్కో సందూ విడిగా కొలవొద్దు, తప్పులు కూడుకుంటాయి. ఒకటో తీగ మధ్య నుంచి పదో తీగ మధ్యకి కొలిచి తొమ్మిదితో భాగించండి. 78.6 వచ్చిందనుకోండి, ఒక్కో సందు 8.73. కొత్త ఛేంజర్‌ది దీనికి తేడాగా ఉంటే తీగలు పికప్ పోల్స్ మీద నుంచి జరుగుతాయి.

ఇక చెక్కని కోయాల్సి వస్తే ఆగిపోండి. ఎండ్‌ప్లేట్‌కి (గిటార్ చివర ఉండే లోహపు పలకకి) పాత రంధ్రాల్లోనే కూర్చునేదే కొనండి. మేపుల్‌లో ఒకసారి కోసింది మళ్లీ రాదు. అలాగే ఎమన్స్ పుష్-పుల్ గిటార్ ఉన్నవాళ్లు ఈ సలహాలు నేరుగా వాడకండి. షాట్ జాక్సన్‌తో కలిసి షో-బడ్ పెట్టిన బడ్డీ ఎమన్సే, 1963లో బయటికొచ్చి మొదలుపెట్టిన సంస్థ అది. దాని ఛేంజర్ పని తీరే వేరు. రెయిజ్‌ని లాగుతుంది, లోయర్‌ని తోస్తుంది, ఫింగర్ రెండు స్టాపుల మధ్య నేరుగా ఆనుతుంది. దాని ధ్వనికి మూలం ఆ ఆనడమే కాబట్టి అందులో ఆల్-పుల్ (పెంచడానికీ దించడానికీ లాగే) ఛేంజర్ వేయాలనే ఆలోచనే వద్దు.

పదోతీగ:
బ్రాకెట్లు వచ్చాయి. కొత్త లివర్లు బిగించే ముందు చెక్క గురించి అడగాలి. పాత బ్రాకెట్ స్క్రూ రంధ్రాల్లో రెండు గుల్లగా ఉన్నాయి, స్క్రూ వట్టిగా తిరుగుతోంది. అగ్గిపుల్లలు పెట్టి బిగించొచ్చా?

మేపుల్_మూర్తి:
అగ్గిపుల్లలు వద్దండి. లివర్ పక్కకి తోసే ప్రతిసారీ ఆ స్క్రూ ఊగుతుంది, మెత్తటి పుల్ల నెలలో నలిగిపోతుంది. రంధ్రాన్ని 6 మిల్లీమీటర్లకి శుభ్రంగా తొలిచి, గట్టి మేపుల్ గానీ టేకు గానీ పెట్టి చెక్క జిగురుతో మూయండి. పెట్టే బిరడా పోగు అడ్డంగా ఉండేలా కోసిందైతే స్క్రూ బాగా పడుతుంది. మామూలు డోవెల్‌లో పోగు నిలువునా ఉంటుంది కాబట్టి స్క్రూ పోగుల మధ్య దూరి పట్టు తక్కువవుతుంది. ఒక రోజు ఆరనివ్వండి.

నంబర్ 8 చెక్క స్క్రూకి గట్టి మేపుల్‌లో 3.2 పైలట్ రంధ్రం, నంబర్ 6కి 2.8. డ్రిల్ బిట్‌కి లోతు కొలిచి టేప్ చుట్టండి. కింద నుంచి తొలుస్తున్నారని మర్చిపోవద్దు, అటు పక్కన ఉన్నది ఫ్రెట్‌బోర్డు. స్క్రూకి మైనం రాయండి, సబ్బు వద్దు, అది తేమ లాగుతుంది. ముందుగా ఉక్కు స్క్రూ ఒకటి ఎక్కించి దించి దారి చేసి, తర్వాత అసలు స్క్రూ వేయండి.

బిగించకముందు లివర్లని డబుల్ టేప్‌తో తాత్కాలికంగా అంటించి, మీరు కూర్చునే కుర్చీలోనే కూర్చుని, కాళ్లు పెడల్స్ మీద పెట్టి మోకాలు ఎక్కడ తగులుతుందో గుర్తు పెట్టుకోండి. మోకాలికీ లివర్‌కీ మధ్య వేలు పట్టేంత సందు చాలు.

శ్రుతిపేటిక:
రాడ్లు పెట్టేటప్పుడు ఈ వరస పాటించండి. విప్పకముందే ఫొటోలు తీసి, ప్రతి రాడ్‌కీ టేప్ ముక్క మీద "4-సి-రె", "8-ఎడ-లో" అని రాసి అంటించండి.

రంధ్రాల ఎంపిక: పుల్లర్‌లో షాఫ్ట్‌కి దూరంగా ఉన్న రంధ్రం రాడ్‌ని ఎక్కువ లాగుతుంది, పెడల్ బరువవుతుంది. ఛేంజర్‌లో యాక్సిల్‌కి దగ్గరగా ఉన్న రంధ్రం తక్కువ లాగుడుకే ఎక్కువ స్వరం మారుస్తుంది, అదీ బరువే. సి పెడల్ నాలుగో తీగనీ ఐదో తీగనీ కలిపి మారుస్తుంది. రెండూ ఒకేసారి బయల్దేరి ఒకేసారి చేరాలి. ఒకటి ముందే చేరిందంటే, రెండోది చేరేదాకా మొదటిది దాటి పోతుంది, నైలాన్‌తో ఎంత తిప్పినా కుదరదు. అప్పుడు మార్చాల్సింది రంధ్రం.

శ్రుతి చేసే వరస: మొదట పెడల్ ఏదీ తొక్కకుండా పది తీగలూ కీల దగ్గర. తర్వాత ఏ, బి, సి. తర్వాత లివర్లు. రెండో తీగకి డి దగ్గర సగం ఆగే స్టాప్ చివర్లో. అన్నీ అయ్యాక మళ్లీ ఖాళీ తీగలు చూడండి. మారితే ఎక్కడో రాడ్‌కి సందు పోయిందన్నమాట, కీ తిప్పి కప్పిపుచ్చకండి. ఏ, బి కలిపి తొక్కి పట్టి ఈ తీగలు ఎంత జారుతున్నాయో కూడా రాసుకోండి. బాడీ వంగడం వల్ల కొన్ని సెంట్లు జారడం సహజం, బాగుచేతకి ముందు ఉన్నదానికంటే పెరిగితే మాత్రం ఏదో స్క్రూ వదులుగా ఉంది.

పదోతీగ:
అన్నీ బిగించాను. నాలుగో తీగకి కొత్త స్ప్రింగ్ వేశాక ఈ సరిగ్గా నిలుస్తోంది. మూడో తీగ నిలిచింది. కొత్త సమస్య ఒకటి: ఎండ్‌ప్లేట్ కూడా కొత్తది తీయించి నల్ల యానోడైజింగ్ (అల్యూమినియం మీద పెంచే గట్టి ఆక్సైడ్ పూత) చేయించాను, అప్పటి నుంచి ఆంప్‌లో గుయ్యిమని హమ్. తీగల మీద చేయి పెడితే కూడా తగ్గట్లేదు. పైగా ఎండ్‌ప్లేట్ బోర్‌లో షాఫ్ట్ బిగుతుగా ఉంది, యానోడైజింగ్‌కి ముందు సులువుగానే తిరిగింది.

లేత్_రాజు:
రెండిటికీ కారణం ఒకటే అన్నా, ఆ పూత. యానోడైజింగ్ పొరలో సగం లోపలికి తింటుంది, సగం పైకి పెరుగుతుంది. పొర 20 మైక్రాన్లయితే ఒక్కో గోడ మీద 10 పెరిగి, బోర్ 20 మైక్రాన్లు తగ్గుతుంది. మనం వదిలిన సందే 20 నుంచి 40. ఇంకోసారి ఇచ్చేటప్పుడు బోర్లకీ మరలకీ ప్లగ్ పెట్టి పూత పడకుండా చేయమను. ఇప్పుడైతే అదే 6.375 రీమర్‌ని చేత్తో, నూనె వేసి, ఒక్కసారి సవ్యదిశలోనే తిప్పుతూ దించి అలాగే తిప్పుతూ పైకి తీయి. ఆ పొర చాలా గట్టిది, రీమర్ అంచు మొండిపడుతుంది, అయినా ఒకటి రెండు బోర్లకి పనికొస్తుంది.

హమ్‌కి: ఆ పొర కరెంట్‌ని పోనివ్వదు. పాత ఎండ్‌ప్లేట్‌కి అంటించిన గ్రౌండ్ వైరు ఇప్పుడు పూత మీద కూర్చుని ఉంటుంది. లగ్ (వైరు కొసన ఉండే లోహపు ముక్క) కింద నాణెం అంత చోట ఆకురాయితో తెల్ల లోహం కనపడేదాకా గీకు. ఛేంజర్ ఎండ్‌ప్లేట్‌కి ఆనే చోట కూడా ఒక స్క్రూ కింద గీకు. పళ్ల వాషర్ వేసి బిగించు. మల్టీమీటర్ ఒక ముల్లు తీగ మీద, ఇంకోటి జాక్ బయటి రింగు మీద పెట్టు. ఒక ఓమ్ లోపల చూపించాలి. పది తీగలకీ విడివిడిగా చూడు, ఏదో ఒకటి ఎక్కువ చూపిస్తే దాని ఫింగర్ కింద నూనె మరీ ఎక్కువైందని అర్థం, తుడిచి మళ్లీ కొలువు.

పదోతీగ:
గీకాను. తొమ్మిది తీగలకి 0.4, ఏడో తీగకి 3.1 చూపించింది. ఏడో ఫింగర్ తుడిచి కొలిస్తే 0.5. హమ్ పోయింది.